కాలు బొమ్మ సీసా

కోరుట్లలో గల్ఫ్ నుంచి వచ్చిన మనిషికంటే అతని అట్టపెట్టెకే ఎదురుకోళ్లు ఎక్కువ. మనిషి చిక్కి వచ్చాడా, ఒళ్లుచేసి వచ్చాడా అన్నది తర్వాత చూస్తారు. ముందు పెట్టెను చూస్తారు. తాడు ఎన్ని చుట్లు చుట్టి ఉంది, ఆటోలోంచి దించడానికి ఎంతమంది పట్టారు, దించేటప్పుడు లోపల సీసాల చప్పుడు వినిపించిందా లేదా. సీసాల చప్పుడు వినిపిస్తే చాలు, వాడలోని ముసలమ్మల మోకాళ్లకు సగం నొప్పి అక్కడికక్కడే తగ్గుతుంది.

ఆ సీసాల్లో నొప్పుల నూనె ఉంటుంది మరి. దుబాయి నుంచి రానీ, మస్కట్ నుంచి రానీ, కొడుకన్నవాడు నొప్పుల నూనె లేకుండా ఇల్లు చేరడం ఆ వాడలో జరగని పని. తెచ్చిన నూనెను తల్లి ఒక్కతే దాచుకోవడం అంతకంటే జరగని పని. పొద్దంతా చాటముందు ఒంగి బీడీలు చుట్టి మెడలు పట్టేసిన ఆడవాళ్లు సాయంత్రానికి వరసగా వస్తారు. అందరికంటే పెద్దామెకు ముందు, తర్వాత మిగతావాళ్లకు, అరచేతిలో ఇంతింత పోయాలి. పోసిన తల్లికి ఏడాది పొడుగునా ఆ వాడలో మాట చెల్లుతుంది.

రాములవ్వకు ఈ మాట చెల్లుబాటు మీద మోజు కొంచెం ఎక్కువే. ఆమె కొడుకు సాగర్ దుబాయిలో పెద్ద హోటల్లో పనిచేస్తాడు. ఇంతవరకు నిజం. ఏసీ గదిలో కుర్చీలో కూర్చునే సూపర్‌వైజర్ అని ఆమె చెప్పుకుంటుంది. ఇది అబద్ధం. పాపం, ఆమె అల్లింది కాదు, కొడుకు చెప్పిందే.

సాగర్ తండ్రి బుచ్చన్న గీత కార్మికుడు. తాడిచెట్టు మీంచి జారిపడి, మంచం పట్టి, ఆ మంచంలోనే కన్నుమూశాడు. చెట్టెక్కడానికి ఆయన నడుముకు కట్టుకున్న మోకు ఇంకా ఆ ఇంట్లో గోడకు వేలాడుతూనే ఉంది. దాన్ని చూసి చెట్టెక్కే ధైర్యం చచ్చిపోయిన సాగర్ విమానం ఎక్కాడు. అక్కడికి పోయాక మొదటిసారి ఫోన్ చేసినప్పుడు తల్లి అడిగింది, "హోటల్ల ఏం పని కొడుకా?" అని.

అప్పుడతను హోటల్ అడుగున, నేలమాళిగలో, ఆవిరి కక్కే మిషన్ల మధ్య, ఎవరెవరో తుడుచుకున్న తువ్వాళ్ల గుట్ట పక్కన నిలబడి ఉన్నాడు. చిన్నప్పుడు బడి ఎగ్గొట్టినప్పుడల్లా తల్లి తిట్టిన తిట్టు ఠక్కున గుర్తొచ్చింది. "చదువకపోతె ఏమైతవురా? లింగన్న లెక్క మంది బట్టలు ఉతుక్కుంట బతుకుతవ్!" ఆ తిట్టు చెవిలో మోగుతుండగా నోటికి నిజం ఎక్కడి నుంచి వస్తుంది? "సూపర్‌వైజర్ పనే అవ్వా, ఏసీల కూసునుడే" అనేశాడు. అబద్ధాన్ని ఒకసారి కంటే సరిపోదు, రోజూ మేపాలి. ప్రతి ఫోన్‌లోనూ ఇంత మేత వేస్తూ వచ్చాడు. పెండ్లిచూపుల్లో కూడా అదే మేత వేశాడు.

అసలు పని సంగతి చెప్పాలంటే, అతని చేతిలో విద్య ఉంది. మిషన్లకు లొంగని మరకలన్నీ అతని బల్ల మీదికి వస్తాయి. పెదవుల రంగు, కాఫీ, మెహెందీ, సారా, అన్నీ అతని చేతిలో తోక ముడుస్తాయి. అన్నిటికంటే మొండిది ఒకటుంది. అక్కడి కుర్రాళ్లు దానికి 'నకిలీ ఎండ' అని పేరు పెట్టుకున్నారు. ఎండ సరిగా కాయని దేశాల నుంచి వచ్చిన తెల్లోళ్లు, ఎండలో తిరిగినట్టు కనబడాలని ఒంటికి ఒక నూనె పూసుకుంటారు. పూసినప్పుడు ఏమీ ఉండదు. పడుకుని లేచేసరికి ఒళ్లంతా కాల్చిన ఇటుక రంగు తేలుతుంది. దానితోపాటు పక్కబట్టలు, దిండ్లు, తువ్వాళ్లు కూడా ఇటుకలే. మన ముస్తాబాద్ నుంచి కూలికి వచ్చిన పిల్లలు మిట్టమధ్యాహ్నం దుబాయి బిల్డింగుల మీద నిలబడి ఊరికే తెచ్చుకునే రంగును వాళ్లు సీసాల్లో కొనుక్కుంటారని తెలిసిన రోజు సాగర్ తువ్వాళ్ల గుట్ట మీద పడి నవ్వాడు.

ఈసారి సెలవుకు వచ్చేటప్పుడు కొన్న నొప్పుల నూనెను చేతి సంచిలో పెట్టుకున్నాడు. చేతి సంచిలో సీసాలు కుదరవని విమానాశ్రయంలో తీసి అవతల పెట్టేశారు. పెద్ద పెట్టెను కట్టింది గదిలో తోడుండే జగిత్యాల అస్లం. మంచం కింద ఉన్నదంతా కుక్కి కట్టాడు. హోటల్ గదుల్లో జనం మరచిపోయిన వస్తువులను ఎన్నాళ్లకూ ఎవరూ అడగకపోతే పనివాళ్లకు పంచుతారు. అలా సాగర్ వంతుకు వచ్చిన వస్తువులు కూడా ఆ మంచం కిందే ఉన్నాయి. అస్లం వాటినీ వదిలిపెట్టలేదు.

ఇంటికి చేరిన రోజు సాయంత్రమే లింగన్న వచ్చాడు. ఆ వాడ బట్టలు ఉతికి ఇస్త్రీ చేసేది ఆయనే. ఉతికిన దుప్పట్ల మూట అరుగు మీద దించి, సాగర్ చేతి సంచిలోంచి తీసి ఇచ్చిన సెంటుసబ్బును వాసన చూసి, జేబులో వేసుకున్నాడు. సాగర్ చేతులవంక కాసేపు చూశాడు. వేళ్ల కొసలు తెల్లగా పగిలి ఉన్నాయి.

"ఏళ్లు గిట్లయినయేంది సాగరూ?"

"ఏసీకి లింగన్నా. ఇరవై నాలుగ్గంటలు ఏసీ గద" అని సాగర్ చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"ఔ ఔ. ఏసీ మంచిది గాదు" అన్నాడు లింగన్న. గొంతు తగ్గించి అడిగాడు, "మా వెంకటిగాని సంగతి జెర జూడు కొడుకా. సిరిసిల్లల బట్టలకు రంగులేసే కాడ పని జేస్తుండె. బట్ట నేసే సాంచాలు బందయినప్పటి సంది ఇంట్లనే ఉంటుండు. మీ హోటల్ల బట్టలుతికే పనైనా సరే."

సాగర్‌కు తెలుసు, ఆ పని ఉంది. మనిషి కావాలని కూడా చూస్తున్నారు. కానీ వెంకటి వస్తే తన బల్ల పక్కనే నిలబడతాడు. మొదటి వారమే ఊరికి ఫోన్ చేస్తాడు. "మా హోటల్ల గసొంటి పనే లేదు లింగన్నా. బట్టలన్ని బయటికి పంపుతరు" అన్నాడు. లింగన్న ఖాళీ మూటగుడ్డ దులుపుకుని పోయాడు. ఆ రాత్రి సాగర్‌కు అన్నం రుచించలేదు.

మర్నాడు పొద్దున్నే భార్య భాగ్యతో సిరిసిల్ల పోయాడు, అత్తగారింటికి. ఒక రాత్రి అక్కడే ఉన్నారు. పెట్టె మాత్రం ఇంట్లో రాములవ్వ ముందు ఉంది.

కొడుకు వచ్చేదాకా ఆగుదామనే అనుకుంది ఆమె. కానీ లతీఫున్నీసా ఎదురింటి అరుగు మీద కూర్చుని మోకాళ్లు ఒత్తుకుంటూ, "రాములమ్మా, ఇంకా పెట్టె ఇప్పలేదా?" అని ఒకటికి మూడుసార్లు అడిగాక ఇక ఆగడం ఎట్లా? లతీఫున్నీసా ఆ వాడలో అందరికంటే పెద్దది. భర్త పోయాడు, కూతురు షాజియా పెండ్లయి జగిత్యాలలో ఉంటుంది. రాములవ్వ కత్తెరతో తాళ్లు కోసింది.

సబ్బులున్నాయి, పాలపొడి ఉంది, చాక్లెట్లున్నాయి. నొప్పుల నూనె లేదు. రాములవ్వ ప్రాణం ఉసూరుమంది. పెట్టె అడుగుదాకా చెయ్యి పెట్టి దేవితే, బంగారు రంగు మూతతో ఒక పొడుగు సీసా తగిలింది. తీసి చూస్తే దాని మీద ఒక కాలు బొమ్మ. పొడుగ్గా, నున్నగా, మోకాలు తళతళా మెరుస్తున్న ఆడమనిషి కాలు. ఆ మోకాలికి నొప్పి ఉన్నట్టు ఎవరైనా అంటారా? ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

"సూసినవా లతీఫక్కా! ఈసారి పెద్ద నూనె తెచ్చిండు. బొమ్మ సూడు!"

ఇక పంపకం మొదలైంది. మోకాళ్లకు కొందరు, మెడలకు కొందరు, నడుముకు కొందరు, దేనికైనా మంచిదని అన్నిటికీ కొందరు. బిస్కెట్ల వాసన వస్తోందని ఒకామె అంటే, "దుబాయిది గదా, మంచి వాసనే ఉంటది" అంది రాములవ్వ. రుద్దుకున్నవాళ్లు రుద్దుకున్నట్టే పోయి, లింగన్న ఉతికి ఇచ్చిన దుప్పట్ల మీద హాయిగా నిద్రపోయారు.

సాగర్, భాగ్య ఎక్కిన బస్సు రుద్రంగి దాటుతుండగా ఫోన్ మోగింది. "కొడుకా, జల్ది రా! వాడవాడంతా పచ్చకామెర్లు అచ్చినయ్!" అని రాములవ్వ కేక. వాడంతటికీ ఒకే రాత్రి కామెర్లు ఎలా వస్తాయో సాగర్‌కు అంతుబట్టలేదు. మళ్లీ చేస్తే ఆమె ఎత్తలేదు.

వాడలోకి వచ్చేసరికి కామెర్ల మాట పాతబడింది. ఎవరి కళ్లు చూసినా తెల్లగానే ఉన్నాయి, ఆకలి దివ్యంగా ఉంది. కానీ మోకాళ్లు, మెడలు, అరచేతులు మాత్రం జిలేబీ రంగులో ఉన్నాయి. దుప్పట్లన్నీ గోడల మీద పరచి ఉన్నాయి. దుప్పటి దుప్పటికీ అరచేతుల అచ్చులు, మోకాళ్ల అచ్చులు. ఎవరి దుప్పటి చూస్తే వాళ్లు ఎటు తిరిగి పడుకున్నారో చెప్పొచ్చు.

కొత్త తీర్పు రాములవ్వే ఇచ్చింది. మనుషులకూ రంగంటింది, దుప్పట్లకూ రంగంటింది. దుప్పట్లు మొన్ననే లింగన్న చేతిలోంచి వచ్చాయి. ఇంకేం కావాలి?

"ఏదో పాడు రంగుల బట్టతోటి మావి కలిపి నానేసినవ్! వెంకటిగాడు సిరిసిల్ల నుంచి తెచ్చిన రంగు డబ్బాలల్ల ముంచినవా ఏంది?" అని ఆమె నడివాడలో నిలబడి కడిగేస్తోంది. మిగతావాళ్లు వంత పాడుతున్నారు. కామెర్లు కాదని తేలిన సంబరం కూడా ఆ కేకల్లో కలిసింది.

లింగన్న మాట్లాడడం లేదు. ముఖం మాత్రం మాడిపోయి ఉంది. ఇంటి ముందు మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద గంజు పెట్టి మంట ఎగదోస్తున్నాడు. నీళ్లు సలసలా కాగుతున్నాయి. పక్కనే ఇస్త్రీపెట్టెలో బొగ్గులు ఎర్రగా ఉన్నాయి.

లతీఫున్నీసా ఒక్కతే తిట్టడం లేదు. చేతిలో తెల్లటి ఓణీ పట్టుకుని నిలబడి ఉంది. నమాజుకు తలమీద కప్పుకునే ఓణీ అది. అంచు చుట్టూ తెల్లదారంతో సన్నటి పూలు. షాజియా పెండ్లి కాకముందు తల్లి కోసం ఒక చలికాలమంతా కూర్చుని కుట్టింది. దాని మీద ఇప్పుడు లతీఫున్నీసా అరచేయి అచ్చు, వేళ్లతో సహా, గోధుమ రంగులో పడి ఉంది.

"పొద్దుగాల నమాజుకు కప్పుకున్న లింగన్నా. అప్పటికే నా చేతికున్న రంగు దీనికి అంటుకున్నది. గీ ఒక్కటి పోతె చాలు, దుప్పటి పోకపోయినా మంచిదే" అంది ఆమె. ఆమె గొంతులో కోపం లేదు. అదే లింగన్నను ఎక్కువ కుంగదీసింది.

"గిటు ఇయ్యి అమ్మా. ఉడుకు నీళ్లల్ల సోడేసి మరగబెడత. మీదికెళ్లి ఇస్త్రీ గుంజుత. గప్పటికి పోకపోతె మళ్లా ఈ వాడల ఒక్కల బట్ట గూడ ముట్ట" అన్నాడు లింగన్న.

సాగర్ కళ్లు అప్పుడే తమ ఇంటి కిటికీ మీద పడ్డాయి. బంగారు మూత. కాలు బొమ్మ. సగానికి పైగా ఖాళీ.

నకిలీ ఎండ! ఒక్క క్షణంలో అంతా అర్థమైంది. నవ్వు వచ్చింది, వెంటనే చచ్చింది. ఆ మరకకు వేడి తగిలితే ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా పోదు. తన బల్ల దగ్గర కొత్తగా చేరిన ప్రతివాడికీ మొదటి రోజు అతను చెప్పే మాట అదే. ఉడుకునీళ్లలో పడిన మరుక్షణం షాజియా కుట్టిన పూల మధ్య ఆ చేయి అచ్చు శాశ్వతంగా ఉండిపోతుంది. దానితోపాటు వాడ బట్టలు పాడుచేశాడన్న పేరు కూడా లింగన్నకు ఉండిపోతుంది.

"అది లింగన్న తప్పు గాదు. గీ నూనె తోటి అయింది" అన్నాడు సాగర్. సగం నిజం చెప్పి గట్టెక్కుదామని చూశాడు.

"నూనెనా?" రాములవ్వ గయ్యిమంది. "నా కొడుకు తెచ్చిన నూనెకు వంక బెడ్తె ఊకుంటనా? పూసుకున్నోళ్లందరికి నొప్పులు పోయినయ్, అడుగు! నువ్వు గూడ ఆయన దిక్కు మాట్లాడకు."

"అవ్వా, గది నొప్పుల నూనె గాదే. లింగన్నా, ఉడుకు నీళ్లల్ల ఎయ్యకు! ఆగు!"

లింగన్న ఓణీని గంజుమీదికి తెచ్చినవాడల్లా ఆగాడు. ఆవిరి ఓణీ అంచును తాకుతోంది. వాడంతా సాగర్ వైపు తిరిగింది.

భాగ్య నడుం మీద చేయి పెట్టుకుని అడిగింది, "ఏసీల కూసునేటోనివి, మరకల సంగతి నీకేం ఎరుక?"

ఇప్పుడిక దారి లేదు. ఒక పక్క తల్లి మొహం, ఇన్నేండ్లుగా ఆ మొహంలో వెలుగుతున్న గర్వం. ఇంకో పక్క ఆవిరిలో ఊగుతున్న తెల్లటి ఓణీ. సాగర్ రెండంగల్లో పోయి ఓణీని లాక్కున్నాడు.

"ఎరుకే. నా పని గదే గనుక ఎరుక" అన్నాడు. వాడంతా వినేటట్టు గట్టిగానే అన్నాడు. "నేను సూపర్‌వైజర్ను గాదు. హోటల్ల బట్టలుతుకుత. తెల్లోళ్ల తువ్వాలలు, దుప్పట్లు. గీ నూనె మరకలు దినాం నా బల్ల మీదికే అస్తయ్. ఉడుకు తాకిందంటె సచ్చినా పోదు. సల్లనీళ్లు గావాలె. లింగన్నా, నీ నానేసే గోలెం ఖాళీ జేసి మంచినీళ్లు నింపు."

రాములవ్వ కొడుకును చూసింది, గోడ మీది దుప్పటిని చూసింది, తన రంగు చేతులను చూసుకుంది. చరచరా ఇంట్లోకి పోయింది.

సాగర్‌కు ఆమె వెంట పరుగెత్తాలనిపించింది. కానీ మరక ఆగదు, తల్లి ఆగుతుంది. చొక్కా చేతులు పైకి మడిచాడు.

ఓణీని తిరగేసి, మరక వెనకవైపు నుంచి చల్లటి నీళ్లు ధారగా పోయమన్నాడు. లింగన్న చెంబుతో పోశాడు. గోధుమ రంగు నీళ్లు జారాయి. గిన్నెలు తోమే సబ్బునీళ్లు తెప్పించి, రుద్దకుండా, వేలి కొసలతో అద్ది అద్ది నురగ చేశాడు. రుద్దితే పూల దారం లేస్తుందని చెప్పాడు. భాగ్యను మందుల దుకాణానికి పంపించి, పుండు మీద పోస్తే బుసబుసా నురగ వచ్చే నీళ్ల సీసా తెప్పించాడు. ఓణీ తెల్లనూలుది కాబట్టి దానికి ఆ నీళ్లు పనికొస్తాయి, రంగు దుప్పట్లకు మాత్రం వద్దు, వాటి రంగే పోతుందన్నాడు. దుప్పట్లకు చల్లనీళ్లూ సబ్బే, ఓపిక ఉంటే రెండుసార్లు.

లింగన్న అన్నీ వింటూ గోలెం పక్కన ఒంగి ఒక్కొక్క దుప్పటీ ముంచుతున్నాడు. ఇద్దరూ ఒక దుప్పటికి చెరో కొస పట్టి మెలితిప్పారు. పిండడంలో ఇద్దరి చేతులూ ఒకే తీరుగా తిరిగాయి. అరుగు మీద నిలబడి చూస్తున్న భాగ్య పకపకా నవ్వింది.

"అచ్చినప్పుడల్ల మంచం మీద పండుకోని, గట్ల గాదు గిట్ల పిండు అని నాకు నేర్పుతుంటివి. గిందుకా! ఇగ నువ్వున్నన్ని దినాలు ఇంట్ల బట్టలు నువ్వే ఉతుకు. నేను సూపర్‌వైజర్ జేస్త."

ఆ మాటకు వాడంతా ఘొల్లుమంది. సాగర్‌కు కూడా నవ్వు వచ్చింది. ఇన్నేండ్లు గుండెమీద మోసిన బరువు దిగాక అంత తేలికగా ఉంటుందని అతనికి తెలియదు.

దుప్పటి దులుపుతూ లింగన్న మెల్లగా అన్నాడు, "మొన్న నీ ఏళ్లు సూసిన్నాడే నాకు ఎరుకైంది కొడుకా. ఏసీకి ఎక్కడన్న గోర్ల సందులు గట్ల పలుగుతయా? సోడా తిన్న ఏళ్లు నాకు తెల్వదా?"

సాగర్ చేతులు ఆగిపోయాయి. "మరి చెప్పలేదేంది? అవ్వ గన్ని మాటలన్నది. వీని పని గూడ గిదేనని ఒక్క మాటంటె అయిపోవు గద."

"నీ పని నువ్వు జెప్పుకోవాలె గని నేనెందుకు జెప్త?" అన్నాడు లింగన్న. ఇంకో దుప్పటి అందుకున్నాడు.

సాగర్‌కు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. ఈ మనిషి తన గుట్టు కాపాడడానికి నడివాడలో తిట్లు తిన్నాడు. తను మాత్రం ఆ గుట్టు కోసమే ఈ మనిషి కొడుకు నోటికాడి ముద్ద లాగేయబోయాడు. "వెంకటికి పాస్‌పోర్ట్ ఉన్నదా కాకా?" అని అడిగాడు. లింగన్నను కాకా అని, చిన్నాన్న వరసతో పిలవడం అతనికి అదే మొదలు.

"తీసి పెట్టుకున్నడు."

"మా హోటల్ల ఆ పని ఉన్నది. మొన్న నీకు అబద్ధం జెప్పిన. నా పక్క బల్లకు మనిషి కావాలంటుండ్రు. ఏజెంట్ గీజెంట్ ఎవ్వడు వద్దు. నేనే మాట్లాడుత."

లింగన్న తడిచేతులతోనే ముఖం తుడుచుకున్నాడు. తడి మీద తడి, ఏది నీళ్లో ఎవరికీ తెలియలేదు. "ముందు ఈ దుప్పటి గట్టిగ పట్టు" అన్నాడు.

బట్టల పని ఒక దారికి వచ్చాక మనుషుల పని పడింది. ఆడవాళ్లంతా గోడ వెంబడి బారుగా కూర్చున్నారు. ముందు కొబ్బరినూనె పట్టించి కాసేపు నాననిచ్చారు. తర్వాత గోరువెచ్చని నీళ్లలో ముంచిన గుడ్డ కప్పారు. ఆపైన నిమ్మరసంలో వంటసోడా కలిపి మెత్తగా తిప్పి తిప్పి రుద్దడం. బీడీ ఆకు కత్తిరించేటప్పుడు వేలు కోసుకున్నవాళ్లను ఆ చోట నిమ్మరసం పెట్టొద్దని సాగర్ ముందే హెచ్చరించాడు. బీరకాయ పీచుతో బరబరా గీకబోయిన ఒకామెను ఆపాడు. "తోలు పోతది గని రంగు పోదు. మెల్లగ! మిగిలింది నాలుగు తానాలు జేస్తె అదే పోతది."

లతీఫున్నీసా మోకాళ్లకు భాగ్య నలుగు పెట్టినట్టు రుద్దుతుంటే ఆ పెద్దావిడ కళ్లు మూసుకుని అంది, "నా షాదీల గూడ ఇంత సేవ చెయ్యలే బేటా." ఇంతలో లింగన్న ఓణీ తెచ్చి ఆమె ఒడిలో పెట్టాడు. ఆమె దాన్ని వెలుతురుకు ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. షాజియా పూలు పూలుగా ఉన్నాయి. చేయి అచ్చు లేదు. ఆమె సాగర్ తలమీద చేయి పెట్టింది. ఆ చేయి ఇంకా జిలేబీ రంగులోనే ఉంది.

ఇక రాములవ్వ ఒక్కతే మిగిలింది.

సాగర్ గిన్నె పట్టుకుని ఇంట్లోకి పోయాడు. ఆమె గోడకు వేలాడే మోకు కింద కూర్చుని ఉంది. అతను ముందు కూర్చుని ఆమె చేతులు ఒళ్లోకి తీసుకుని నూనె పట్టించడం మొదలుపెట్టాడు. ఆమె లాక్కోలేదు. గోరువెచ్చని గుడ్డ కప్పి, సోడా రుద్దుతుంటే రంగు కొంచెం కొంచెం విడిచింది. ఆమె చూపు మాత్రం తన చేతుల మీద లేదు, అతని వేళ్ల మీద ఉంది.

"నిన్ను చిన్నగున్నప్పుడు తిట్టిన జూడు. లింగన్న లెక్క బట్టలుతుకుతవని. గందుకేనా చెప్పలే?"

సాగర్ తల ఊపాడు.

"గది తిట్టాయెనా నీకు... నా నోరు మండ" అంది రాములవ్వ. కండ్ల నీళ్లు పెట్టుకుంది. కొడుకు చేతులను తిప్పి చూసింది. పగిలిన వేలి కొసలను ఒక్కొక్కటే బొటనవేలితో తడిమింది. "ఏసీకి పగిలినయంటె నమ్మిన. ఇగ నీవి తే" అని గిన్నెలో మిగిలిన కొబ్బరినూనె అంతా ఆ వేళ్లకు పట్టించింది. సందు సందునా, గోరు గోరునా, పసిపిల్లాడికి పట్టించినట్టే పట్టించింది. సాగర్ చాలన్నా వినలేదు.

తర్వాత కొంగు నడుముకు చుట్టి బయటికి వచ్చింది. గోలెం దగ్గర ఉన్న లింగన్న ముందు నిలబడింది.

"లింగన్నా, నలుగురిల నిన్ను అన్న. గా నలుగురిలనే చెప్తున్న, తప్పు నాదే. నీది గాదు. మనసుల వెట్టుకోకు."

"మరక పోయింది గదక్కా" అన్నాడు లింగన్న. రాములవ్వ ఇంట్లోంచి కుర్చీ తెప్పించింది. ఆ ఇంటి గడప మెట్టు మీదే ఇన్నేండ్లూ కూర్చుని చాయ తాగిన మనిషి కుర్చీలో కూర్చోవడానికి కొంచెం తంటాలు పడ్డాడు. ఆమె వదల్లేదు, కూర్చోబెట్టే చాయ ఇచ్చింది.

సాయంత్రానికి దుప్పట్లు ఆరాయి. లతీఫున్నీసా ఎదురరుగు మీంచి కేకేసింది, "బేటా సాగర్, రంగు సంగతి ఎట్లున్నా మోకాలి నొప్పి మాత్రం నిజంగ పోయింది. మళ్లచ్చేటప్పుడు ఇంకో సీస తే!" అది నూనె గుణం కాదు, పొద్దంతా రుద్దించుకున్న గుణమని సాగర్ ఎంత చెప్పినా ఆ వాడలో ఒక్కరూ నమ్మలేదు.

లోపల రాములవ్వ ఫోన్‌లో ఉంది. రుద్రంగిలో ఉండే చెల్లెలు భూమవ్వతో మాట్లాడుతోంది. పొద్దటి సంగతి ఈనోటా ఆనోటా అక్కడిదాకా అప్పుడే పోయినట్టుంది. సాగర్ నూనె చేతులతో అరుగు మీద కూర్చుని చెవులు రిక్కించాడు.

"ఔనే, బట్టలే ఉతుకుతడు. ఎవలు జెప్పిండ్రు నీకు? నిజమే జెప్పిండ్రు" అంటోంది రాములవ్వ. పాత గర్వమే, గొంతు ఇంకా పెద్దదైంది. "ఏసీల కూసునుడు ఎవలకైన అస్తది భూమవ్వా. మావోడు ఇడిపించిన మరక దుబాయిల ఇంకెవ్వడు ఇడిపియ్యలేడు. నీ ఇంట్ల పోని మరకలున్న చీరెలేమన్న ఉంటె రేపు పట్టుకరా. కొడుకు ఇంటికాడనే ఉన్నడు."